ఖాళీ గడిలో నిల్

మా ఆఫీసులో ఏ ప్రోగ్రామైనా కొత్తగా మార్చి బయటికి పంపే ముందురోజు, చిన్న రసీదు ప్రింటర్ మీద నమూనా చీటీలు తీసి చదువుతాం. కాగితం వెచ్చగా బయటికొస్తుంది. దానికొక వాసన ఉంటుంది, ఇస్త్రీపెట్టె కింద కాస్త ఎక్కువసేపు ఉండిపోయిన నూలుబట్ట వాసనలాంటిది. నిన్న మధ్యాహ్నం పదో పదకొండో చీటీ చేతిలోకి తీసుకుని చదువుతుంటే, ఆ వాసనకి ఉన్నట్టుండి చదవడం ఆపేశాను. పక్క కుర్చీలో ఉన్న అమ్మాయి "ఏమైంది మేడమ్, తప్పేమైనా ఉందా?" అని అడిగింది. తప్పేమీ లేదు. ఎస్తేరు దీదీ గుర్తొచ్చారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఈ అమ్మాయి ఆవిణ్ణి చూడలేదు. ఎవరని అడిగితే "నాకు పని నేర్పినావిడ" అని చెప్పి ఊరుకున్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను.

మాది ఖరగ్‌పూర్. శ్రీకాకుళం వైపు నుంచి తాత వర్క్‌షాపు పనికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నాన్న నిమ్‌పురా యార్డులో వ్యాగన్లు పరీక్షించే ఉద్యోగి. నేను ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో పెరిగాను. దీదీ వాళ్ళు మాకు రెండు వీధుల అవతల ఉండేవారు, తెలుగు క్రైస్తవుల కుటుంబం. వాళ్ళ నాన్న వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. దీదీ హిజ్లీ క్యాంపస్‌లో కంప్యూటర్ లాబులో చాలా ఏళ్ళు సహాయకురాలిగా పనిచేశారు. పెద్ద చదువుల పిల్లలు సగం రాసి వదిలేసిన ప్రోగ్రాములు బాగుచేసీ చేసీ విసుగెత్తి, ఉద్యోగం మానేసి, గోల్‌బజార్ దగ్గర ఒక సందులో రెండు గదులు అద్దెకి తీసుకుని సాఫ్ట్‌వేర్ దుకాణం పెట్టారు. దుకాణం అనేది ఆవిడ మాటే. ఎవరైనా కంపెనీ అంటే నవ్వేవారు. పొట్టి మనిషి. నూలు చీర, చేతికి మగవాళ్ళ గడియారం, హ్యాండిల్‌కి సంచి తగిలించిన సైకిలు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఆవిణ్ణి అడిగే ధైర్యం మా వీధి మొత్తానికి మా నానమ్మ ఒక్కర్తికే ఉండేది. ఆవిడకి కూడా జవాబు దొరకలేదు.

నేను డిగ్రీ పూర్తిచేసి, కలకత్తాలో రెండు ఇంటర్వ్యూలు పోగొట్టుకుని, ఇంట్లో అందరిమీదా విరుచుకుపడుతున్న రోజులవి. అమ్మ పోరు పడలేక దీదీ దగ్గరికి వెళ్ళాను. సర్టిఫికెట్లు తీయబోతే వద్దన్నారు. బల్లమీద రెండు కాగితాలు పెట్టారు. రెండూ రైల్వే పాసు దరఖాస్తులే. ఒకటి ఖాళీది, ఇంకొకటి నింపినది.

"ఇందులో అచ్చు ఎవరిది, రాత ఎవరిది?" అని అడిగారు.

"అచ్చు రైల్వేది. రాత పాసు అడిగినవాళ్ళది."

"అచ్చేసినప్పుడే మీ నాన్న పేరు కూడా ఏసేస్తే ఏటవుతాది?"

"ఇంకెవరికీ పనికిరాదు దీదీ."

"అంతే. టెంప్లేటంటే అదే. రేపు పదింటికి వచ్చీ."

మేం తయారుచేసేవి డెస్క్‌టాప్ అప్లికేషన్లు. వాడేవాళ్ళకి అవి మామూలు ప్రోగ్రాముల్లాగే కనిపిస్తాయి, బొమ్మ నొక్కితే తెరుచుకుంటాయి. లోపల కూర్చుని ఉండేది మాత్రం ఒక బ్రౌజరే. పైన చిరునామా పట్టీ ఉండదు, అంతే తేడా. వెబ్‌సైట్‌కి రాసినట్టే పేజీలు రాస్తాం. ఇంటర్నెట్ లేకపోయినా, పాత కంప్యూటరైనా నడిచిపోతుంది. పేజీలో ఎప్పటికీ మారని భాగం టెంప్లేటు. మారే చోట ఖాళీ గడులుంటాయి. వెనకాల ఒక భాగం డేటా తీసి, గడుల్లో నింపి, తయారైన పేజీని ముందున్న కిటికీకి అందిస్తుంది. కిటికీ దాన్ని చూపిస్తుంది. వ్యూ రెండర్ చేయడమని గంభీరంగా చెప్పుకునే పని ఇదే. కిటికీ సొంతంగా వెళ్ళి డేటా ముట్టుకుంటే దీదీ ఊరుకునేవారు కాదు. "కౌంటర్లో కూర్చున్నోడు గోడౌన్లోకి పోకూడదు" అనేవారు. నాకు మొదటి నెలలో ఇదంతా చాదస్తంలా ఉండేది. ఇంత చిన్న పనికి ఇన్ని గోడలెందుకని లోపల సణుక్కునేదాన్ని.

నిమ్‌పురాలో ఒక ధర్మాసుపత్రి పని మాకొచ్చింది. డాక్టరుగారు వారానికి మూడు రోజులు వచ్చేవారు. మిగతా భారమంతా కాంతమ్మ సిస్టర్‌ది. వచ్చినవాళ్ళ పేరు, వయసు, చిరునామా, ఏ మందులు పడవు అన్నవి ఆవిడ కంప్యూటర్లో నింపితే, డాక్టరు రాసిన మందులతో కలిపి మా ప్రోగ్రాము ఒక చీటీ తీసి ఇచ్చేది. జనం ఆ చీటీని మడిచి దాచుకునేవారు. తర్వాత ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళినా అదే తీసి చూపించేవారు.

పెట్టిన నాలుగో రోజే కాంతమ్మ సిస్టర్ ఫోను చేసింది. "మీ మిసను నా సిరునామాలు తినేస్తంది. ఇలగైతే నాకీ గొడవొద్దు, నా పుస్తకం నాకిచ్చీండి" అంది. దీదీ, నేనూ సైకిళ్ళమీద వెళ్ళాం. చూస్తే విషయమిది. నిమ్‌పురాలో క్వార్టరు నంబరు ఒక్కటే చెబితే ఇల్లు దొరకదు కాబట్టి, సిస్టర్ పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో ఆనవాలు రాసేది, పంపుహౌసు వెనక, నీలం తలుపు అని. ఆ ఆనవాలుకి రెండు వైపులా బాణం మొనల్లాంటి గుర్తులు పెట్టడం ఆవిడకి అలవాటు. బ్రౌజరుకి ఆ గుర్తుల మధ్య ఏముంటే అది ఆజ్ఞ కింద లెక్క, దాన్ని మాటగా చూపించదు. అలా జరక్కుండా గడిలో పడే మాటని మాటగానే చూపించే పద్ధతి ఉంది. నేనేమో ఒక లైను లావు అక్షరాల్లో రావాలని సరదాపడి ఆ కాపలా తీసేశాను.

దీదీ నన్ను సిస్టర్ ముందు ఏమీ అనలేదు. వెనకాల డేటా తెరిచి చూపించారు. ఆనవాళ్ళన్నీ అక్షరం పోకుండా ఉన్నాయి. "సూడు కాంతమ్మా, తినలేదు. చూపించలేదు, అంతే" అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు సైకిలు నడిపించుకుంటూ నాతో చెప్పారు. "మనిషి చెప్పింది చెప్పినట్టు పడాల తెరమీద. దాన్ని మార్చడానికి నీకు గాని నీ పేజీకి గాని హక్కు లేదు. తెలిసిందేటి?" తెలిసిందన్నాను. తెలియలేదని తర్వాత తేలింది.

ఆ తర్వాత రెండు నెలలకి, దీదీ వాళ్ళ చెల్లెలికి ఆపరేషనని విజయనగరం వెళ్ళారు. పది రోజులు దుకాణం నా చేతిలో పడింది. ఆసుపత్రి చీటీకి కొత్త రూపు ఇచ్చే పని అప్పుడే ముగించాలి. ఏ పేజీనైనా బయటికి పంపే ముందు దీదీ ఒక పరీక్ష చేసేవారు. పేరు తప్ప ఇంకే వివరమూ లేని ఒక ఉత్తుత్తి మనిషిని సృష్టించి, ఆ మనిషికి పేజీ తీసేవారు. వివరాలన్నీ ఉన్నవాడికి ఎవడైనా బాగా తీస్తాడు, ఏమీ లేనివాడికి తీసి చూడమని ఆవిడ పట్టు. నేనూ శ్రద్ధగా తీశాను. చీటీ బోసిగా, పళ్ళూడిన నోరులా వచ్చింది. నాకు అసలు నచ్చలేదు.

ఇక్కడే నా రైల్వే ఇంటి పెంపకం పనిచేసింది. నాన్న రిజిస్టర్లో ఒక్క గడి కూడా ఖాళీ వదిలేవాడు కాదు. లోపం ఏమీ లేకపోతే 'నిల్' అని రాసేవాడు. రైల్వేలో అందరూ అంతే, ఖాళీ వదిలిన గడి వాళ్ళ కంటికి పని ఎగ్గొట్టినట్టు కనిపిస్తుంది. మా ఇంట్లో అమ్మ పాలవాడి పుస్తకంలో కూడా పాలు రాని రోజు నిల్ రాసేది. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, గడిలో ఏమీ లేకపోతే నిల్ అని వేయమని టెంప్లేటులో ఒక్క ముక్క రాశాను. చీటీ ఎంత నిండుగా వచ్చిందో. మురిసిపోయాను. సోమవారం వెళ్ళి ఆసుపత్రి కంప్యూటర్లో ఎక్కించి వచ్చాను.

దీదీ మళ్ళీ సోమవారానికి వచ్చారు. సంచి కింద పెట్టి, మంచినీళ్ళు తాగి, కొత్త చీటీ తీయమన్నారు. వివరాలు లేని ఆ మనిషి చీటీయే కావాలన్నారు. వెచ్చటి కాగితం చేతిలోకి తీసుకుని చదివారు. 'పడని మందులు' అన్న గడి దగ్గర ఆవిడ వేలు ఆగింది.

"ఈ నిల్ ఎవరు రాసినారు?"

"నేనే దీదీ, టెంప్లేటులో పెట్టినాను. కాలీగా ఉంటే బాగోలేదు. నాన్న రిజిస్టర్లో కూడా అలాగే కదా రాస్తాడు."

"మీ నాన్న నిల్ అని ఎప్పుడు రాస్తాడు?"

"వ్యాగనుకి ఏ లోపమూ లేకపోతే."

"లేదని ఆయనకెలగ తెలుసు?"

"వంగి కిందంతా చూస్తాడు కదా."

"చూస్తాడు. చూసి రాస్తాడు. రాసి పక్కన సంతకం పెడతాడు. నువ్వు ఎవర్ని చూసి రాసినావు సుగుణా?"

ఆవిడ గొంతు పెంచలేదు. నేను ఆ గడి మళ్ళీ చదివాను. కాంతమ్మ సిస్టర్ అడగడం మరిచిపోయినా, వచ్చినవాళ్ళు తెలీదన్నా ఆ గడి ఖాళీగానే వదిలేస్తుంది. ఆ ఖాళీలన్నిటిలో, ఈ మనిషికి పడని మందంటూ ఏదీ లేదని నేను రాసి పంపించాను. ఆ చీటీలు వారం రోజులుగా జనం చేతుల్లో ఉన్నాయి.

"రెండు నిమిషాల్లో సరిచేసేస్తాను దీదీ. సాయంత్రం వెళ్ళి ఎక్కించేస్తే వాళ్ళకి తెలీను కూడా తెలీదు" అన్నాను. ఈ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అనలేదని రాసుకోవచ్చు, చూసినవాళ్ళెవరూ లేరు. కానీ అన్నాను.

దీదీ, "కంప్యూటర్లోది నువ్వు సరిచేస్తావు. కాగితాలు ఎవరు సరిచేస్తారు?" అన్నారు. అప్పుడే దింపిన సంచిని మళ్ళీ భుజాన వేసుకుని బయల్దేరారు.

ఆసుపత్రిలో కాంతమ్మ సిస్టర్‌కీ, డాక్టరుగారికీ, ఆసుపత్రి నడిపే సంఘం కార్యదర్శికీ నిలబడే చెప్పారు. "తప్పు మా దుకాణానిది. మీది కాదు" అన్నారు. నా పేరు ఎత్తలేదు. సిస్టర్ ముఖం ఎర్రబడింది. "తెల్దన్నోళ్ళకి నాను కాలీగా వొగ్గీసినాను. మీరు దాని మీద లేదని రాసీసినారేటి? రేపేదైనా అయితే నా పీక మీదికి కదా వస్తాది" అంది. కార్యదర్శి ఇంకా చాలా అన్నాడు. దీదీ అన్నీ విని, "మీరన్నది నిజమే" అని, గడి ఖాళీగా ఉన్నవాళ్ళ జాబితా తీయమని నాకు చెప్పారు. పంతొమ్మిది మంది తేలారు. ఇంటింటికీ వెళ్ళి చీటీలు మారుస్తామన్నారు. నేను నిల్ తీసేసి, వాళ్ళందరికీ కొత్త చీటీలు తీశాను.

రెండు రోజులు తిరిగాం. మార్చి ఎండ. క్వార్టరు నంబర్లు చెరిగిపోయిన గోడలు, ఒకే నంబరుకి మూడు ఇళ్ళు. సిస్టర్ రాసిన ఆ ఆనవాళ్ళే లేకపోతే సగం మంది దొరికేవారు కాదు. ప్రతి ఇంట్లోనూ దీదీ ఒకే మాట చెప్పేవారు, తెలుగువాళ్ళకి తెలుగులో, బెంగాలీవాళ్ళకి బెంగాలీలో. మేం తప్పు రాసినాం, ఆ చీటీ ఇచ్చీండి, కొత్తది తీసుకోండి. పాత చీటీలో నిల్ కొట్టేసి, తేదీ వేసి సంతకం పెట్టేవారు. కొందరు నవ్వారు, ఇంత చిన్నదానికి ఇంత ఎండలో వచ్చారా అని. ఒకాయన అరిచాడు. ఒక ముసలాయన టీ తాగితే గాని చీటీ ఇవ్వనన్నాడు. మొదటి రోజంతా మాట్లాడే పని దీదీయే చేశారు. రెండో రోజు పొద్దున్న మొదటి గుమ్మం దగ్గర ఆగి, "ఇయ్యాల నువ్వు సెప్పు" అన్నారు. నేనే రాశాను, నాదే తప్పు అని పరాయివాళ్ళ గుమ్మంలో నిలబడి చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. మూడో ఇంటికొచ్చేసరికి తడబడకుండా చెప్పగలిగాను.

చివరికి పైడితల్లి మిగిలింది. ముప్పై ఏళ్ళుంటాయి, క్యాంటీన్లో వంటపని చేసే మనిషి. కాలిమీద పుండు మానక మా ఆసుపత్రికి వచ్చింది. ఇంటికెళితే వాళ్ళత్త గుమ్మంలో బియ్యం ఏరుతోంది. "కాలు ఇంకా వాసిపోనాది. బజార్లో డాక్టరు కాడికెల్లినాది, సూదేస్తారంట. ఆ సీటీయే అట్టుకెల్లినాది" అంది.

దీదీ వయసు అప్పటికి యాభై దాటింది. ఆవిడ సైకిలు అంత వేగంగా తొక్కగా నేను చూడలేదు. డాక్టరు గది బయట బల్లమీద పైడితల్లి కూర్చుని ఉంది, సూది వేయించుకోవడానికి ఆమె ముందు ఇంకా ఇద్దరున్నారు. ఒళ్ళో మా చీటీ, దానికి గుండుసూదితో గుచ్చిన కొత్త మందుల కాగితం. దీదీకి ఆయాసంతో మాట రాలేదు. నేనే అడిగాను.

"ఎప్పుడైనా ఏ మందైనా పడకపోవడం జరిగిందా అమ్మా? సిన్నప్పుడైనా?"

"నాకేటి తెలుసమ్మా. సిన్నప్పుడు సూదేస్తే మొకమంతా వాసిపోయి, ఊపిరాడక సచ్చి బతికినానని మాయమ్మ అనీది."

"మొన్న సిస్టర్‌కి చెప్పలేదా?"

"ఏ మందో తెల్దు కదా. అడిగితే తెల్దనే సెప్పినాను."

లోపలికి వెళ్ళి డాక్టరుకి ఆ మాట చెప్పాం. ఆయన మా చీటీ చూసి, పైడితల్లిని చూసి, రాసిన ఇంజక్షను కొట్టేసి వేరే మాత్రలు రాశారు. ఆ ఇంజక్షను వేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఏమీ కాకపోనూవచ్చు. తెలియదు కాబట్టి తెలియదనే రాస్తున్నాను. బయటికొచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాను. దీదీ ఓదార్చలేదు. నా సైకిలు పడిపోకుండా పట్టుకుని నిలబడ్డారు, అంతే.

మర్నాడు టెంప్లేటు మళ్ళీ మొదట్నించి రాయించారు. ఆ గడికి ఇప్పుడు మూడు దారులు. పడని మందు ఉంటే దాని పేరు పడుతుంది. అడిగి, లేదని తెలిస్తే, అడిగినవాళ్ళ పొడి అక్షరాలతో నిల్ పడుతుంది. ఈ రెండూ కాకపోతే నల్లటి చట్రంలో 'తెలియదు, అడగండి' అని వస్తుంది. చీటీ అందంగా లేదు. ఆ చట్రం కళ్ళలో పొడుచుకున్నట్టుండేది. పొడుచుకోవాలనే పెట్టామన్నారు దీదీ. కాంతమ్మ సిస్టర్ ప్రతి మనిషికీ పొడి అక్షరాలు కొట్టాలా అని వారం సణిగి, తర్వాత తనే జనాన్ని గుచ్చి గుచ్చి అడగడం మొదలుపెట్టింది. కార్యదర్శి మాత్రం మమ్మల్ని క్షమించలేదు. వాళ్ళ రెండో ఆసుపత్రి పని మాకు రావలసింది, వేరేవాళ్ళకి ఇచ్చారు. ఆ కబురు తెలిసిన రోజు నేను రాజీనామా కాగితం రాసుకెళ్ళాను. దీదీ చదివి వెనక్కిచ్చేశారు. "తప్పు చేసిన మనిషికి ఆ గడి దగ్గర చెయ్యి ఆగుతాది. కొత్త మనిషిని తెచ్చుకుంటే మళ్ళీ మొదట్నించి నేర్పాల. పోయి పని చూసుకో" అన్నారు. ఆవిడ దగ్గర ఇంకో తొమ్మిదేళ్ళు పనిచేశాను.

పోయినేడాది వానల్లో ఆవిడకి ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చాం. చెల్లెలు విజయనగరంనుంచి రావడానికి ఒక రోజు పడుతుంది కాబట్టి పక్కన నేనే ఉన్నాను. ముఖానికి ఆక్సిజన్ గొట్టం, కళ్ళు సగం మూతలు. ఉదయం పదకొండింటికి ఒక నర్సు ఫారం పట్టుకుని వచ్చింది. పేరు, వయసు, పాత జబ్బులు అడిగింది. చెప్పాను. మందులేమైనా పడవా అని అడిగింది. పదేళ్ళుగా ఆవిడ పక్కనే తిరిగాను, ఏ టీకొట్టులో ఎన్ని చెంచాల చక్కెర వేయించుకుంటారో తెలుసు. ఈ సంగతి ఎప్పుడూ అడగలేదు.

"లేవని రాసేయనా?" అంది నర్సు. పాపం, ఆవిడకి ఇంకా ఆరు మంచాలున్నాయి.

"వద్దు. తెలియదని రాయండి. కనుక్కుని చెబుతాను" అన్నాను. "గడి ఖాళీగా వదిలేస్తాలెండి" అంది. "ఖాళీగా కూడా వదలకండి. తెలియదనే రాయండి, కింద నా సంతకం తీసుకోండి" అన్నాను. ఆవిడ విసుగ్గా చూసి, రాసి, కలం నా చేతికిచ్చింది. సంతకం పెట్టి తల తిప్పితే దీదీ కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నారు. మాట్లాడే ఓపిక లేదు. దుప్పటి బయట ఉన్న చెయ్యి కొంచెం ఎత్తి, పో, కనుక్కో అన్నట్టు వేళ్ళు తలుపు వైపు కదిలించారు. నేను వరండాలోకి వచ్చి వాళ్ళ చెల్లెలికి ఫోను కలిపాను.